నొప్పి పోయిన నొప్పి

కిందటి వారం మన రామకృష్ణారావుని డాబా మెట్ల మీద, ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు గాల్లోనూ ఉండగా వదిలేశాం. పాపం, అప్పట్నుంచీ ఆ కాలు గాల్లోనే ఉంది. ముందు దాన్ని దించుదాం.

దించేలోగా, మధ్యలో బండెక్కినవాళ్ళ కోసం నాలుగు మాటలు. రామకృష్ణారావు సొంతూరు ఉయ్యూరు. ఉండేది ఖతార్‌లో, దోహా పక్కనున్న ముఐథర్‌లో, ముక్కలు ముక్కలుగా అద్దెకిచ్చిన ఒక పెద్ద విల్లా ముందు పోర్షన్లో. ఉద్యోగం ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల మేనేజరు. అంటే, ఎవరు నొప్పి అన్నా ముందు నమ్మకపోవడానికి ఆయనకు జీతమిస్తారు. అలాంటి మనిషి ఇంట్లోకే రెండేళ్ళ కిందట నమ్మక తప్పని నొప్పి ఒకటి వచ్చి కూర్చుంది. భార్య భానుమతి కుడి భుజం బిగుసుకుపోయింది. డాక్టర్లు దానికి ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టారు. యాభై డిగ్రీల ఎండలో, ఖతార్ మొత్తమ్మీద కరెంటు అక్కర్లేకుండా గడ్డకట్టింది ఆ భుజమొక్కటే. పేరులో భానుడు, భుజంలో మంచు.

చెయ్యి చెవి దాటి లేచేది కాదు. దువ్వెన పట్టుకుంటే కళ్ళమ్మట నీళ్ళు. అందుకని జడ వెయ్యడం ఆయన నేర్చుకున్నాడు. మొదట్లో ఆయన వేసిన జడ నూతి చేదకు కట్టిన తాడులా ఉండేది. పోగా పోగా పాయలు కుదిరాయి, చెయ్యి తిరిగింది. రోజూ ఆఫీసుకు బయల్దేరేముందు ఆవిడ వెనక కూర్చుని మూడు పాయలు అల్లడం ఆయనకు సంధ్యావందనమైపోయింది. భుజానిది జడత్వం, భర్తది జడ తత్వం.

అలాంటిది ఒకరోజు ఆయన నిద్ర లేచేసరికి భానుమతి అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, కూనిరాగం తీస్తూ తన కొప్పు తానే ముడేసుకుంటోంది. అక్కడ ముడి పడింది, ఇక్కడ ఈయన గుండెలో చిక్కు పడింది. నొప్పి పోయింది కదా, సంతోషించాలి. సంతోషించాడు కూడా, ఒక ఆవలింతంత సేపు. ఎలా పోయిందని అడిగితే, వెనక పోర్షన్ మారుతి ఇచ్చిన నూనెతో అంది.

మారుతి సొంతూరు నిర్మల్. లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు. భార్యాపిల్లలు ఊళ్ళో, తానొక్కడూ ఇక్కడ. జుట్టుకు నల్లరంగు, నోటినిండా నవ్వు. ఎత్తడం, దించడం అతని డ్యూటీ. భానుమతి చెయ్యి ఎత్తించాడు, రామకృష్ణారావు తల దించాడు. నువ్వుల నూనేనండీ అని భానుమతి చెబితే, ఆ నూనెలో నువ్వున్నావు సరే, నేనెక్కడున్నాను అని కుళ్ళిపోయాడీయన. రాముడికి మారుతి బంటుగా ఉండాలి. తన పేరులో రాముడికి తోడు కృష్ణుణ్ణి కూడా బలం పెట్టారు. అయినా ఈ మారుతి సంజీవని పట్టుకొచ్చి, రాముడితో మాటైనా చెప్పకుండా నేరుగా సీతమ్మ చేతిలో పెట్టేశాడు. దోహా పక్కన ద్రోహం!

ఆ నూనెది అదో రకం వాసన, తడిసిన గడ్డివాము మీద నిమ్మతొక్క పిండినట్టు. సాయంత్రాలు భానుమతి పక్కన కూర్చుంటే గుప్పుమనేది. ఆయన లెక్కలో అది నూనె వాసన కాదు, మారుతి వాసన. పైగా వాకింగ్ వంకన ఆవిడ రోజూ డాబా మీదికి వెళ్ళడం, నవ్వుకుంటూ దిగిరావడం. చివరికి గురువారంనాడు ఆవిడ భుజానికి అంటుకుని ఒక పచ్చటి ఆకు దొరికింది, వేళ్ళు చాపిన అరచెయ్యిలా. మొక్కల పేర్లు చెప్పే యాప్ ఒకటి ఫోన్లోకి దించి, ఆ ఆకుని ఫొటో తీసి అడిగితే 'హైబిస్కస్ కన్నాబినస్' అంది. మొదటి మాట అర్థం కాలేదు. రెండో మాట సగం చదవగానే మొత్తం అర్థమైపోయింది. కన్నాబి! కన్నాబిస్! అంటే గంజాయి! తన కాపురానికి కన్నం ఎక్కడ పడిందో దొరికేసిందనుకుని, శుక్రవారం పూట సెలవు కూడా మరిచి మెట్లెక్కబోయాడు.

అదీ గాల్లో కాలి కథ. ఇప్పుడు దించాం.

కాలైతే దిగింది గానీ మనిషి కదల్లేదు. పైనుంచి మాటలు వినపడుతున్నాయి.

"నువ్వు ఆ పక్క పట్టుకో అక్కా. నేను ఎత్తుత."

"మెల్లిగా మారుతీ! తొందరపడితే తట్టుకోలేదది."

"మస్తు ముదిరింది గదా."

"ముదరనీ. ఆయనకి తెలియకుండా ఇంకొక్క వారం దాస్తే చాలు."

"సార్ ఊకెనే కనిపెడ్తడా?"

"ఆయనా? కళ్ళెదుట పెట్టినా కనిపెట్టరు."

ఆ తర్వాత ఇద్దరి నవ్వూ కలిపి వినపడింది. భానుమతి నవ్వు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. రెండేళ్ళుగా ఆ నవ్వు సగంలో 'అమ్మా' అని ఆగిపోయేది, భుజం కలుక్కుమని. ఇప్పుడది ఎక్కడా ఆగకుండా, పైట జారినట్టు హాయిగా జారిపోతోంది. ఆ నవ్వు తన కోసం అయ్యుంటే ఆయన డాబా మీది నీళ్ళ ట్యాంకంత పొంగిపోయేవాడు. తన కోసం కాదు కాబట్టి, ట్యాంకు కింది నాచులా పచ్చబడ్డాడు.

ఫోను తీశాడు. ఈ విల్లా యజమాని తరఫున అద్దెలూ మరమ్మతులూ చూసే రఫీయుద్దీన్ నంబరు నొక్కాడు. రఫీయుద్దీన్ హైదరాబాదీ, పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు.

"సలాం రావుగారూ! జుమ్మా పూట ఫోను? ఏసీ ఖరాబైందా?"

"ఏసీ కాదండీ. డాబా మీద గంజాయి!"

"గంజి ఆయా?" అన్నాడు రఫీయుద్దీన్ ఆప్యాయంగా. "ఎవరికి తబియత్ బాగలేదు? గంజిల కొంచెం నిమ్మకాయ పిండుండ్రి, మంచిగుంటది."

"ఆయా కాదు, గయా కాదు! గంజాయి! ఆకు! మత్తు!"

దూరంగా ఏదో మసీదులో జుమ్మా నమాజు ముందరి ప్రసంగం, ఖుత్బా, మొదలైన చప్పుడు ఫోన్లోంచీ, ఇటు వీధిలోంచీ రెండు చెవుల్లోనూ ఒకేసారి వినపడింది.

"ఎవరిది?" గొంతులో ఆప్యాయత పోయింది.

"వెనక పోర్షన్ మారుతిది. పెంచుతున్నాడు."

"రావుగారూ, ఈ ముల్కుల ఇది నవ్వులాట కాదు. ఇక్కడ ఆకు దొరికితే మనిషి మళ్ళ దొరకడు. ఇంటి మాలిక్‌కు చెప్తే ఆయన ఒక్క నిమిషం ఊకోడు. నేను జుమ్మా అయినంక వస్త, ఒక్కణ్ణే రాను. గందుకే అడుగుతున్న. పక్కానా?"

ఇక్కడ మన కథానాయకుడికి ఒక అవకాశం వచ్చింది పాఠకులారా. 'ఏమోనండీ, మళ్ళీ చూసి చెబుతాను' అనవచ్చు. ఆఫీసులో కాలు విరిగినవాడొచ్చి కుంటుతూ నిలబడ్డా 'మళ్ళీ చూసి చెబుతాం' అనే మనిషే. కానీ సరిగ్గా ఆ క్షణంలో పైనుంచి భానుమతి మళ్ళీ నవ్వింది.

"పక్కా," అన్నాడు, వెనక పోర్షన్ పక్కకి చూస్తూ.

ఫోను జేబులో పడేసి నాలుగంగల్లో డాబా ఎక్కాడు.

*

డాబా మీద, నీళ్ళ ట్యాంకులకీ ఏసీ పెట్టెలకీ మధ్య, పచ్చటి నీడవల కట్టి ఉంది. దాని కింద బారుగా రంగు డబ్బాలు, అల్ రువైస్ చేపల దుకాణం నుంచి వచ్చిన తెల్ల థర్మోకోల్ పెట్టెలు. వాటినిండా మొక్కలు. ప్రతి మొక్కకీ వేళ్ళు చాపిన ఆకులు. డిసెంబరు ఎండలో అవి హాయిగా తల ఊపుతున్నాయి. మత్తులో ఊపుతున్నాయనుకున్నాడు రామకృష్ణారావు.

మారుతి ఒక డబ్బాని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. భానుమతి చేతిలో చెంబు ఉంది. భర్తని చూడగానే చెంబు జారి, నీళ్ళు ఆయన చెప్పుల దాకా వచ్చి ఆగాయి.

"రాండ్రి సార్, రాండ్రి!" అన్నాడు మారుతి.

"భానూ, ఇటు రా. ఆ మొక్కల్ని ముట్టుకోకు."

"ఏవిటండీ? ఎందుకలా ఉన్నారు?"

"నీకేం తెలీదు. నువ్వు ఇటు రా. మారుతీ, ముందు మీరొక విషయం తేల్చండి. మీరు ఈవిడని అక్కా అంటారు. నన్ను సార్ అంటారు. ఈవిడ అక్క అయితే నేను బావనవ్వాలి. మరి సార్‌ని ఎలా అయ్యాను? ఎక్కడో వరసలో తేడా ఉంది!"

మారుతి డబ్బా కింద పెట్టి నెత్తి గోక్కున్నాడు. "ఓరి దేవుడా, గిదా మీ రంది! నేనొచ్చిన మొదటిరోజు 'నమస్తే బావా' అంటే 'ఎవడికి బావ?' అని కండ్లెర్ర జేసిన్రు. అప్పట్సంది సార్ అంటున్న. అక్కను కూడా సార్ అనమంటరా ఏంది?"

ఆ మాట నిజమే. రామకృష్ణారావుకి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

"మాట మార్చకండి. పేరు మారుతి అయినంత మాత్రాన మాట మారుతూ పోకూడదు. ఇవేంటి? ఈ మొక్కలేంటి? ఆ నూనేంటి? నా భార్యకి ఏ మత్తు రాసి నొప్పి పోగొట్టారు? గంజి తాగి బతికిన రోజుల్లో కూడా గంజాయి మొహం చూడని వంశం మాది!"

"గంజాయా?" అంది భానుమతి.

"గంజాయే! నువ్వు అమాయకురాలివి భానూ. నీ భుజం మీద తుపాకి పెట్టి కాలుస్తున్నాడితను. అదీ మొన్నటిదాకా నొప్పి ఉన్న భుజం మీద!"

భానుమతి మొక్కలవైపు చూసింది. మారుతివైపు చూసింది. భర్తవైపు చూసింది. ఆ తర్వాత ఆవిడ మొహంలో కోపం ఒక మూల నుంచీ నవ్వు ఒక మూల నుంచీ బయల్దేరి మధ్యలో గుద్దుకున్నాయి. నవ్వే గెలిచింది.

"ఏమండీ, మొన్న ఆదివారం అన్నంలో కలుపుకుని, వేళ్ళు నాక్కుని, అరచెయ్యి కూడా నాకబోతే నేను కోప్పడ్డాను చూడండి, ఏమిటది?"

"గోంగూర పచ్చడి. దానికీ దీనికీ ఏమిటి?"

"గోంగూర ఎలా ఉంటుంది?"

"ఎలా ఉండడమేంటి? నల్లగా, నూనె తేలుతూ, మధ్య మధ్య ఎండుమిరపకాయలతో..."

"అది జాడీలోనండీ. చెట్టు మీద?"

రామకృష్ణారావు డబ్బాలవైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన తిన్న గోంగూరని ఒకచోట పోస్తే ఒంటె మునుగుతుంది. కానీ దాన్ని జాడీలోనూ, కంచంలోనూ, ముద్దలోనూ తప్ప ఆయన ఇంకెక్కడా కలుసుకోలేదు. ఉయ్యూరులో అమ్మ తుంచేది, పెళ్ళయ్యాక భానుమతి తుంచేది. తినడం ఆయన శాఖ, తుంచడం ఇతరుల శాఖ.

"మరి ఫోనులో ఉంది," అన్నాడు, కాస్త గొంతు తగ్గించి. "చూడు. కన్నాబినస్. అబద్ధమా?"

ఆవిడ ఫోను లాక్కుంది. ఆ తెరని వేలితో పైకి తోసింది. "మీరు పేరు చదివి ఆగిపోయారు. దాని కింద ఏముందో చదవండి."

కింద చిన్న అక్షరాల్లో, ఏ దేశంలో దాన్ని ఏమంటారో రాసి ఉంది. వాటి నడుమ: 'తెలుగు – గోగు, గోంగూర'. ఇంకొంచెం కింద, ఆకు రూపం గంజాయి ఆకుని పోలి ఉండటంవల్ల ఆ పేరు వచ్చిందనీ, దానికీ దీనికీ చుట్టరికం లేదనీ, ఇది మందారం జాతిదనీ ఉంది.

"అడుగున సన్నక్షరాలు చదవలేదు కాబట్టి మీ క్లెయిము చెల్లదు, అని ఎంతమందిని వెనక్కి పంపారండీ మీరు?" అంది భానుమతి.

మారుతి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు వణుకుతోంది.

"నమ్మకపోతే తినండి," అని ఆవిడ ఒక ఆకు తుంచి, నేరుగా భర్త నోట్లో పెట్టింది. నమిలాడు. పులుపు దవడల్లోంచి చెవుల్లోకి జివ్వుమని పాకింది. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. అది అమ్మ చేతి పులుపు, పెళ్ళాం చేతి పులుపు. ఇన్నాళ్ళూ కడుపులో ఉడికిన కుళ్ళంతా ఒక్క పులుపుకి విరిగిపోయింది, పాలు విరిగినట్టు.

"అయితే మారుతి గోంగూర పెంచుతున్నాడా?"

"మారుతి కాదు. నేను. ఇవన్నీ నా మొక్కలు."

"నీవా?"

"దుకాణంలో కట్ట తెస్తే విమానమెక్కి వాడిపోయిన మొహం పెట్టుకొస్తోంది, ఊళ్ళో రుచి లేదు అని ముద్దముద్దకీ సణుగుతారు కదా. సరే, నేనే పెంచుదామనుకున్నాను. మీతో చెబితే బకెట్ ఎత్తకు, వంగకు, భుజం, భుజం అని కుర్చీలో కట్టేస్తారు. అందుకని చెప్పలేదు. డబ్బాలు మొయ్యడం మారుతి పని, నీళ్ళూ మన్నూ నా పని. ఇంకొక వారం ఆగితే మొదటి కోత కోసి, పచ్చడి నూరి, అప్పుడు ఆకు చూపిద్దామనుకున్నాను. ఈలోపు మీరు నా ఆకుని గంజాయి చేశారు, నన్ను..." అని ఆగింది. నవ్వు పోయి కళ్ళల్లో తడి వచ్చింది. "నన్ను ఏం చేశారో మీకే తెలియాలి."

మారుతి గొంతు సవరించుకుని, "నేను ట్యాంకుల నీళ్ళు చూసొస్త అక్కా," అని పక్కకి తప్పుకున్నాడు.

రామకృష్ణారావు చెప్పులు చూసుకున్నాడు. తడిసిన చెప్పులు. "నాకేం అనుమానం లేదు భానూ. కుళ్ళు. అంతే. నీ నొప్పి పోయిందని కుళ్ళు. రెండేళ్ళు రోజూ నీ వెనక కూర్చున్నాను. నాకింకేమీ చాతకాదు, జడ వెయ్యడమొక్కటే చాతనైంది. నువ్వు ఆ రోజు కొప్పు ముడేసుకుంటుంటే నా చేతులు రెండూ ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు పొద్దున్నే వాటినేం చేసుకోవాలో తెలీడం లేదు."

భానుమతి కిందపడిన చెంబు తీసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది, "నా చెయ్యి లేచింది ఆ రోజు కాదు."

"మరి?"

"దానికి ఎంతో ముందే. వినాయక చవితినాడే లేచింది. మీతో చెప్తే జడ మానేస్తారని చెప్పలేదు."

ఆయన తలెత్తి చూశాడు.

"రోజూ పొద్దున్నే 'అబ్బా, అమ్మా' అని నటిస్తూనే ఉన్నాను. ఆ రోజు మీరు గురక పెడుతున్నారు, మొక్కలకి నీళ్ళు టైమైపోతోంది. మరిచిపోయి నేనే వేసుకున్నాను. దొరికిపోయాను."

క్లెయిముల మేనేజరు రామకృష్ణారావు తన ఉద్యోగ జీవితంలో దొంగ నొప్పులు ఎన్నో పట్టుకున్నాడు. తన ఇంట్లో, తన దువ్వెన కింద, తన చేతుల్లోనే ఉన్న దొంగ నొప్పిని మాత్రం పట్టుకోలేకపోయాడు. పట్టుకోలేకపోయినందుకు ఇంత సంతోషం ఆయనకు ఎప్పుడూ కలగలేదు. అరబ్బీలో మాఫీ అంటే లేదని, మన భాషలో మాఫీ అంటే రద్దని అర్థం. నొప్పి రెండు భాషల్లోనూ మాఫీ!

"రేపట్నుంచి మళ్ళీ నేనే వేస్తాను," అన్నాడు.

"వేద్దురుగాని. పాయలు మరీ బిగించకండి."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి ఫోను సంగతి. ఒళ్ళు ఒక్కసారి చల్లబడి, వెంటనే మళ్ళీ వెచ్చబడింది. రానీ! ఎవరొస్తారో రానీ! వచ్చి గోంగూర చూసి వెళతారు. నవ్వులపాలైతే తానొక్కడే అవుతాడు, దానికేం, ఇప్పుడే అయ్యాడుగా.

"జుమ్మా తర్వాత రఫీయుద్దీన్ వస్తానన్నాడు," అన్నాడు, ఎటో చూస్తూ.

"ఎందుకు?"

"మన... మన గోంగూర చూడ్డానికి. నేనే పిలిచాను."

భానుమతి మొహం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దూ! కాసిని కోసి ఇద్దాం. మారుతీ, ఆ ఎండాకులు తీసెయ్ నాయనా, చుట్టాలొస్తున్నారు!"

మారుతి ట్యాంకుల వెనకనుంచి తల బయటపెట్టాడు. "చుట్టాలు కలిసిన్రా బావా?"

"కలిశాం బావమరిదీ," అన్నాడు రామకృష్ణారావు. ఆ మాట పులుపు నోటికి తియ్యగానే ఉంది.

*

ఇక ఆయన్ని పట్టడం ఎవరితరం? తెలియని విద్య తెలిసినవాడికి ఉండే హుషారుతో, చేతులు వెనక్కి కట్టుకుని, బారు పొడుగునా తనిఖీకి బయల్దేరాడు. ఒక్కొక్క డబ్బా దగ్గర ఆగడం, ఒక ఆకు తుంచడం, నమలడం, "ఊఁ, పులుపే" అనడం. భానుమతి వెనకాలే నడుస్తూ ఏది ఎర్ర కాడదో, ఏది తెల్ల కాడదో చెబుతోంది.

"మరి ఆ నూనె?" అన్నాడు నములుతూ. "గోంగూర నూనేనా అది కూడా?"

"కాదు బావా, అది మా అవ్వ కాసి పంపింది," అన్నాడు మారుతి. "చిన్నవ్వ అంటే మా వాడకట్టుల అందరికీ ఎరికే. మోకాళ్ళ నొప్పులకు మంచంల పడి లేవలేకుంటుండె. గా నూనె రాసుకునే మళ్ళ నడుస్తున్నది. సీసా అయిపోవచ్చిందని ఫోన్ల చెప్తే, ఈసారి గోగు గింజలతోని ఇంకో చిన్న మూట గట్టి మావోళ్ళతోని పంపింది. 'దుబాయ్‌ల ఎండ మస్తుంటది బిడ్డా, జల్ది లేస్తది, నువ్వే పెంచుకో, పూతొచ్చినంక ఆకు నూనెల కాయి' అన్నది. ఇది దుబాయ్ కాదే అవ్వా, ఖతార్ అంటే ఇనదు."

"ఏం మొక్కట?"

"కొండగోగు అన్నది. గా కొసకున్నది గదే. ఒక్కటే బతికింది."

"మావైపు ఆ రకం లేదండీ," అంది భానుమతి. "నేనింకా తుంచి చూడలేదు. చిన్నవ్వగారు పూత వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారు. అయినా ఒక్కాకుకి ఏమవుతుంది, మీరు రుచి చూడండి."

బారు చివర, ఏసీ పెట్టె వెనక, గాలి తగలని మూల, ఒంటరిగా ఒక రంగు డబ్బా ఉంది. దాంట్లో మొక్క తక్కినవాటికన్నా గుబురుగా, ముదురు పచ్చగా ఉంది. రామకృష్ణారావు దర్జాగా ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు.

నమిలాడు. ఆగాడు. మళ్ళీ నమిలాడు.

పులుపు లేదు.

చేదు. నాలుక అడుగున పాకే ఆకుపచ్చటి చేదు. తుంచిన వేళ్ళకి జిగురు అంటుకుంది. ఆ వేళ్ళని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడిసిన గడ్డివాము, మీద నిమ్మతొక్క. రోజూ సాయంత్రం భానుమతి భుజం మీద గుప్పుమన్న వాసన. ఇన్నాళ్ళూ మారుతి వాసన అనుకున్నది.

వంగి ఆ మొక్కని చూశాడు. పక్క డబ్బాలోని గోంగూర ఆకుని చూశాడు. రెంటికీ వేళ్ళు చాపిన అరచెయ్యి పోలికే. కానీ గోంగూర వేళ్ళన్నీ ఒకే అరచేతికి అంటి ఉన్నాయి. దీని వేళ్ళు దేనికది విడివిడిగా, అంచుల నిండా రంపం పళ్ళతో ఉన్నాయి. ఫోను చెప్పింది పోలిక గురించి. దేని పోలికో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

వీధిలో ఖుత్బా ఎప్పుడో ఆగిపోయింది. కింద కారు తలుపులు వేసిన చప్పుడు. ఒక తలుపు కాదు. మెట్ల మీద చాలా కాళ్ళ చప్పుడు.

రఫీయుద్దీన్ తల ముందు కనపడింది. ఎప్పుడూ నవ్వే మొహంలో నవ్వు లేదు. వెనక కాళ్ళదాకా తెల్లటి అరబ్బు తోబులో విల్లా యజమాని. ఆ వెనక యూనిఫాంలో ఇద్దరు. రఫీయుద్దీన్ రామకృష్ణారావుని చూసి, చూడనట్టే, మొక్కలవైపు చెయ్యి చాపాడు.

"ఈ మొక్కలు ఎవరివి?"

మారుతి మొహం పాలిపోయింది. యూనిఫాంల మీంచి అతని చూపు ఆ చివరి డబ్బా మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. రామకృష్ణారావుకి అరవాలని ఉంది. నోటినిండా ఆకు. ఉమ్మితే కనపడుతుంది. మింగితే లోపలుంటుంది. మింగలేక, కక్కలేక, వద్దు భానూ వద్దు అని కళ్ళతో మొత్తుకున్నాడు.

కానీ భానుమతి ఆయనవైపు చూడటం లేదు. ఆవిడ చుట్టాల్ని చూస్తోంది, తన పంట చూడ్డానికి వచ్చిన చుట్టాల్ని. నవ్వుతూ ముందుకొచ్చింది. రెండేళ్ళు చెవి దాటి లేవని కుడిచెయ్యి, బళ్ళో జవాబు తెలిసిన పిల్లలా, తల మీదుగా నిటారుగా లేచింది.

"నావేనండీ! ఇక్కణ్ణుంచి ఆ చివరి డబ్బా దాకా, అన్నీ నావే!"